తాయారమ్మ కాటుక

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు వామనరావు మాస్టారికి లేదు. అడిగినవాడు తన విసుగంతా వెళ్ళబోసుకునేదాకా ఊరుకుని, అప్పుడు తన ఉద్యోగం రోజుల నాటి సంగతేదో ఎత్తుకునేవారు. సగం జీవితం రసాయన పరీక్షల ప్రయోగశాలలో గడిపి, రిటైరయ్యాక నంద్యాలలో తన ఇంటి వరండాలో ఉపనిషత్తులు పాఠం చెప్పేవారాయన.

ఆ సాయంత్రం అడిగినవాడు పురంధర్, బ్యాంకు ఉద్యోగి. ఎదిగిన కొడుకు తనతో మాట్లాడటం మానేశాడు. అందుకు కారణం తన కోపమేనని అతనికి తెలుసు. ఆ కోపం ఎక్కణ్ణుంచి వస్తోందో మాత్రం అంతుబట్టడం లేదు. పని ఒత్తిడి అనుకుని బదిలీ చేయించుకున్నాడు. కాఫీ మానేశాడు. తెల్లవారుజామున ధ్యానం మొదలుపెట్టాడు. ఏదీ పనిచేయలేదు.

"అన్నీ వెతికాను మాస్టారూ. ఎక్కడా ఏమీ లేదు. ఇంకేం వెతకమంటారు?" అన్నాడు. గొంతులో వినయం కన్నా చిరాకే ఎక్కువగా ఉంది.

మాస్టారు తాయారమ్మ సంగతి చెప్పారు.

ఆవిడ కాటుక పట్టడంలో పేరున్న మనిషి. పేటలో ఎవరికి బిడ్డ పుట్టినా భరిణె ఆవిడ ఇంటి నుంచే వెళ్ళేది. అలాంటిది సొంత మనవరాలే పాలిపోయి, మాటలు రావాల్సిన వయసులో మాటలు రాక, కడుపునొప్పితో ముడుచుకుపోయి ఏడ్చేది. డాక్టరు రక్తం పరీక్ష చేయించి, అందులో సీసం ఉందన్నాడు. ఇంట్లో పిల్లకు ఏమేం వాడుతున్నారని అడిగితే, కోడలు మృదుల కాటుక పేరు చెప్పింది. ఆ ఒక్క మాటతో ఇంట్లో పొయ్యిలు రెండయ్యాయి.

తాయారమ్మ భరిణె పట్టుకుని ప్రయోగశాలకు వచ్చింది. వెనకే మృదులా వచ్చింది. పరీక్షలో సీసం బయటపడింది, అదీ కొద్దిగా కాదు. తాయారమ్మ ఒప్పుకోలేదు. మీ గాజు సామాను సరిగ్గా కడిగి ఉండరంది. ఆవిడ కళ్ళెదుటే అన్నీ కడిగించి మళ్ళీ చేశారు. మళ్ళీ సీసమే.

అయితే కాటుకలో ఏమేం వేస్తారో అవన్నీ తెమ్మన్నారు మాస్టారు. ఆవిడ ఆముదం తెచ్చింది, వత్తి గుడ్డ తెచ్చింది, ఆ గుడ్డను తడిపే రసం కోసం నందివర్ధనం పూలు తెచ్చింది, ఆవునెయ్యి తెచ్చింది, చివరికి మసి పట్టే రాగి పళ్ళెం కూడా మోసుకొచ్చింది. ఒక్కొక్కటే పరీక్షించారు. దేనిలోనూ సీసం లేదు. చూశావా అన్నట్టు ఆవిడ కోడలి వైపు చూసింది. మృదుల పళ్ళు బిగించి గోడవైపు తిరిగింది. మాస్టారికి తన యంత్రం మీదే అనుమానం వచ్చి, దాన్ని విప్పించి, పాపం సహాయకులను ఊరికే కేకలేశారు.

ఆఖరికి ఓపిక నశించి, మీరు కాటుక పడుతుంటే కూర్చుని చూస్తానని వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడ అన్నీ చెప్పినట్టే చేసింది. దీపం మీద పళ్ళెం బోర్లించి, మసి గీకి, నెయ్యి వేసి రంగరించింది. ఆ తరవాత బొడ్లోంచి చిన్న మూట తీసి, అందులోని మెరిసే నల్లరాయిని కళ్ళకద్దుకుని, సానమీద నాలుగు చుట్లు అరగదీసి, ఆ పొడిని కాటుకలో కలిపింది.

"ఇది కూడా వేస్తారని ఇన్నాళ్ళూ చెప్పలేదేమండీ?" అని మాస్టారు గట్టిగానే అడిగారు.

ఆవిడకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. "మీరు సరుకులు అడిగారు బాబూ. ఇది సరుకు కాదు, మా అత్తగారు. పోయేముందు నా చేతిలో పెట్టింది."

ఆ రాయి చాలామటుకు సీసమేనని పరీక్షలో తేలింది. ఆ మాట చెప్పినప్పుడు తాయారమ్మ వాదించలేదు. తన పెద్దకొడుక్కి కూడా మాటలు ఆలస్యంగానే వచ్చాయని మాత్రం అంది. ఇంటికి వెళ్ళి తడిగుడ్డ తీసుకుని మనవరాలి కళ్ళు తానే తుడవబోయింది. కాటుక ఇంకా పులుముకుపోతే మృదుల ఆ గుడ్డ అందుకుంది. పేటలో ఇచ్చిన భరిణెలన్నీ ఇద్దరూ కలిసి ఇల్లిల్లూ తిరిగి వెనక్కి తెచ్చారు. కొందరు తిరిగి ఇవ్వం అన్నారు. కొందరు తిట్టారు. పిల్లకు మందులు సాగాయి, నెమ్మదిగా మాటలూ వచ్చాయి.

పురంధర్ ఇంకా చిరాగ్గానే ఉన్నాడు. తాను అడిగింది కాటుక గురించి కాదనీ, తన విషయంలో తాను దాచింది ఏమీ లేదనీ అన్నాడు.

"ఆవిడా దాచలేదు" అన్నారు మాస్టారు.