రోళ్ళు అక్కడ, రోకళ్ళు ఇక్కడ

ఎగువూరు వాళ్ళూ దిగువూరు వాళ్ళూ అయినదానికీ కానిదానికీ రోకళ్ళతో కొట్టుకునేవాళ్ళు. విసిగిపోయిన దళపతి రెండూళ్ళ రోళ్ళూ రోకళ్ళూ జప్తు చేశాడు. కారం దంచుకునే దారిలేక జనం అల్లాడిపోయారు.

బుట్టలల్లే చిట్టెక్క రాజుగారి దగ్గరికెళ్ళింది. "రోళ్ళన్నీ ఎగువూరికీ, రోకళ్ళన్నీ దిగువూరికీ ఇప్పించండి దొరా."

పక్కనే ఉన్న దళపతి పకపకా నవ్వాడు. "రోకళ్ళన్నీ ఒకళ్ళకే ఇస్తే రెండోవాళ్ళని చావబాదరూ?"

"బాదితే, వాళ్ళ మిరపకాయలు ఎవరి రోట్లో దంచుకుంటారు బాబూ?"

రాజు సరేనన్నాడు.

ఆవకాయల రోజులొచ్చాయి. ఎగువూళ్ళో దబదబా చప్పుళ్ళు విని దళపతి కత్తి దూసి పరిగెత్తాడు. చూస్తే, రెండూళ్ళ ఆడవాళ్ళూ కబుర్లాడుకుంటూ కారం దంచుతున్నారు. ఆ ఘాటుకి అతనికి తుమ్ములు ఆగలేదు.

చిట్టెక్క ముంతతో మజ్జిగ అందించింది. "ఇక ఎవరి సామాను వాళ్ళకి ఇప్పించేస్తాను," అన్నాడు దళపతి.

"వద్దు బాబోయ్! ఒక్కళ్ళమే దంచుకుంటే పొద్దేం పోతుంది?" అని అందరూ ఒక్కసారే అరిచారు.

దళపతి హమ్మయ్య అనుకుని కత్తి ఒరలో పెట్టి, ఇంకో ముంత మజ్జిగ అడిగాడు.