నీలమ్మ ఏ చేత్తో మాటిచ్చింది?

భీమిలి ఒడ్డుకు కాస్త లోపల, నీటి అడుగున ఒక రాళ్ళ గుట్ట ఉంది. అందులో ఒక బొరియ నీలమ్మ అనే ఆక్టోపస్‌ది. బొరియ పైకప్పు నిండా ఆమె పెట్టిన గుడ్లు, బియ్యపు గింజలు గుచ్చిన దండల్లా వేలాడుతున్నాయి. వాటి మీద నీళ్ళు ఊదడం, నాచు పట్టకుండా తుడవడం, ఇదే ఆమె పని. గుడ్లు పెట్టింది మొదలు తిండి ముట్టలేదు. ఆ జాతి తల్లుల తీరే అంత, పిల్లలు బయటపడి తాము కన్నుమూసేదాకా తినరు. అందుకే, ఒకప్పుడు ఆమె నీడ చూస్తేనే పరుగెత్తిన పీతయ్య ఇప్పుడు దర్జాగా గుమ్మం ముందే మకాం పెట్టాడు.

"పీతయ్యా, ఇప్పుడు పోటా, పాటా?"

"ఇందాకే అడిగావు కదప్పా. పోటే, నీళ్ళు ఇంకా పెరుగుతూనే ఉన్నాయి."

నీలమ్మ గతుక్కుమంది. అడిగిన సంగతే గుర్తులేదు.

ఆ మాట రాతి చాటున ఉన్న మలుగు చేప చెవిన పడింది. పాములాంటి ఒళ్ళు, సూదుల్లాంటి పళ్ళు. దానికి ఎప్పటినుంచో ఆ గుడ్ల మీదే కన్ను. కానీ ఎనిమిది చేతుల తల్లితో తలపడాలంటే గుండె చాలదు. 'మరిచిపోయేవాళ్ళను కరవక్కర్లేదు, గుర్తుచేస్తే చాలు' అనుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఏం పెద్దమ్మా, ఇంకా బయల్దేరలేదా?"

"ఎక్కడికి నాయనా?"

"అయ్యో, అప్పుడే మరిచావా! మేతకెళ్ళొస్తాను, గుడ్లు చూస్తూ ఉండమని నిన్న నువ్వే కదా బతిమాలావు. నాకే అప్పగిస్తానని మాట కూడా ఇచ్చావు."

నీలమ్మకున్న మూడు గుండెలూ ఒక్కసారే దడదడలాడాయి. అన్నానేమో. పోటూ పాటూ గుర్తుండనిదాన్ని, ఇది మాత్రం గుర్తుంటుందా? ఒళ్ళంతా తెల్లగా పాలిపోయింది. కడుపులో ఆకలి కూడా 'అన్నావు, అన్నావు' అని వంత పాడింది. ఒక చెయ్యి గడప దాటింది కూడా.

అప్పుడు ఆగి, "చేతిలో చెయ్యి వేశానా?" అని అడిగింది.

ఆ రాళ్ళ మధ్య మాటంటే అంతే. చెయ్యి తగలందే అది మాట కాదు.

"వెయ్యకేం! నాకు చేతులేవీ, తోక ఇచ్చాను. కుడివైపు మూడో చేత్తో పట్టుకున్నావు. గట్టిగా నొక్కావు కూడా."

"అయితే ఏదీ, ఆ తోక మళ్ళీ ఇలా ఇయ్యి."

"ఎందుకు?"

"నా తెలివి సగానికి పైగా చేతుల్లోనే ఉంది నాయనా. వీటి కింద వరసగా చిన్న గిన్నెల్లా ఉన్నాయే, ఒక్కొక్కటీ ఒక నాలుక. ముట్టినదాని రుచి అవి మరవవు."

మలుగు పకపకా నవ్వింది. "తలకే దిక్కులేదు, చేతికి గుర్తా!" అంటూ తోక చాపింది.

మూడో చెయ్యి తోకను చుట్టుకుని తడిమింది. కొత్త వస్తువును చూసినట్టు మళ్ళీ మొదటినుంచీ తడిమింది.

తెల్లబడ్డ నీలమ్మ ఎర్రబడింది. నున్నటి చర్మం మీద ముళ్ళు లేచాయి.

"నిన్ను నా చెయ్యి ముట్టడం ఇదే మొదలు! మరిచిపోతానురా. పోటు మరిచిపోతాను, పాటు మరిచిపోతాను, రేపు నీ పేరూ మరిచిపోతాను. అది నా మరుపు. అందులో కాపురం పెట్టడానికి నువ్వెవడివి? పో అవతలికి!"

మలుగు మాటలు కట్టిపెట్టి నోరు తెరిచింది. ఆ మూడో చేతినే పుటుక్కున కొరికి తెంపేసింది. నీలి నెత్తురు నీళ్ళలో కలిసింది. నీలమ్మ గుమ్మం వదల్లేదు. నల్లటి సిరా చిమ్మింది. ఆ మబ్బులో మలుగుకు కన్ను కనపడలేదు, ముక్కు పనిచెయ్యలేదు. తెగిన చెయ్యి మాత్రం తన పని మరవలేదు. తల లేకపోయినా మలుగు మూతిని చుట్టేసి బిగుసుకుంది. కరుద్దామంటే నోరు తెరుచుకోదు, తిడదామంటే మాట రాదు. మలుగు మూతిని రాళ్ళకేసి బాదుకుంటూ పారిపోయింది.

"అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వీడికి చెయ్యే అతికింది!" అని పీతయ్య డెక్కలు టపటపలాడించాడు. ఆనక గొంతు తగ్గించి, "మరి నీ చెయ్యో అప్పా?" అన్నాడు.

"మాకు మళ్ళీ మొలుస్తుందిలే. అది మొలిచేదాకా నేనుండను. పిల్లలు బయటపడేదాకా ఏడు చాలు."

గుడ్ల వైపు తిరిగి నీళ్ళు ఊదసాగింది. కాసేపటికి, "పీతయ్యా, ఇంతకీ ఇప్పుడు పోటా, పాటా?"

"పోటే అప్పా," అన్నాడు పీతయ్య, మొదటిసారి అడిగినట్టే.

నీతి: తల మరిచినంత మాత్రాన తల్లి మరిచినట్టు కాదు.