చావని డబ్బాకు దినాలు

డబ్బా బతికే ఉంది. ముందువైపు పచ్చలైటు వెలుగుతోంది. మైకు దగ్గర చిటికె వేస్తే పక్కనున్న చిన్న దీపం మిణుక్కుమంటోంది. కంప్యూటర్ మాత్రం, నాకెవరూ ఏదీ తగిలించలేదు పొమ్మంటోంది.

మఠంలో పాటలు రికార్డు చేసే భిక్షపతి తీగ పీకి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ గుచ్చాడు.

"కండ్లు పోయినయా నీకు? ఎదురుంగ లేదా?" అని కంప్యూటర్‌ను తిట్టాడు.

తెర మీద అదే ముక్క. పరికరం కనబడలేదు.

మైకును కంప్యూటర్‌కు కలపడానికి ఎనిమిదేళ్ళ కిందట మఠానికి వచ్చిన డబ్బా అది. ఇటుకంత ఉంటుంది. మోత్కూరు దారిలో, గుట్ట పక్కనున్న, అచల బోధ చెప్పే ఆ మఠంలో తత్త్వాలు పాడిన ప్రతి గొంతూ దాని గుండానే కంప్యూటర్‌లోకి వెళ్ళింది. ఒక్కరోజూ మొరాయించలేదు. ఇప్పుడూ మొరాయించడం లేదు. ఒళ్ళు మండే సంగతి అదే.

డబ్బా చెప్పేది కంప్యూటర్‌కు అర్థం కావాలంటే మధ్యలో డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉండాలి. దాన్ని డబ్బా చేసిన కంపెనీయే రాసివ్వాలి. పోయిన నెల కంప్యూటర్ ఎవర్నీ అడక్కుండా, తనంతట తానే కొత్త అవతారమెత్తింది. ఆ అవతారానికి సరిపడే డ్రైవర్ కంపెనీ రాయలేదు. ఇక రాయదట. పోనీ కంప్యూటర్‌నే పాత అవతారంలోకి తిప్పుదామంటే, అందుకు పది రోజులే గడువట. అది దాటిపోయింది. ఈ నెలంతా రికార్డింగు పని లేక భిక్షపతి ఆ గదిలోకే రాలేదు మరి.

ఇప్పుడు పని వచ్చింది. పని పేరు మార్కండయ్య.

మార్కండయ్యకు డెబ్బై ఎనిమిదేళ్ళు. చేనేత పని చేసినవాడు. నలభై తత్త్వాలు ఆయన నోట తప్ప మరెక్కడా లేవు. నేర్పిన గురువు పోయాడు, తోడు పాడినవాళ్ళు పోయారు, కాగితం మీద ఎవరూ పెట్టలేదు. ఈ సోమవారం మధ్యాహ్నం బస్సుకు ఆయన భివండీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రాకుండా. అందుకే బుధవారం నాడు తుంబుర భుజాన వేసుకుని మఠంలో దిగాడు. ఊపిరి చాలదు ఆయనకు. రోజుకు ఐదో ఆరో పాడగలడు, తర్వాత దగ్గు ఎత్తుకుంటుంది. ఉన్న ఆ ఐదారు రోజుల్లో నలభైకి దగ్గరగా పట్టాలన్నా ఒక్క పూటా వృథా చేయడానికి లేదు.

బుధవారం వృథా అయింది. గురువారమూ అయింది.

భిక్షపతి కంపెనీకి రాశాడు. తెర మీద జవాబిచ్చినావిడ పేరు ఒలీవియా. మనిషో యంత్రమో చెప్పలేం. "మీ సమస్య మాకెంతో ముఖ్యం" అని అరగంట మాయమైంది. వచ్చి, "మీ పరికరం జీవితకాలం ముగిసింది. మా కొత్త మోడల్ చూడండి" అంది.

"ముగియలేదమ్మా, వెలుగుతోంది" అని రాసి, పచ్చలైటు ఫొటో తీసి పంపాడు.

"ఫొటో పంపినందుకు ధన్యవాదాలు. మీ పరికరం జీవితకాలం ముగిసింది."

కొత్త మోడల్ తెప్పించుకుంటే వచ్చేసరికి తొమ్మిది రోజులు. అప్పటికి మార్కండయ్య భివండీలో మనవళ్ళ మధ్య కూర్చుని ఉంటాడు.

అదే డబ్బా కొనుక్కున్నవాళ్ళు లోకమంతా ఉన్నారు. వాళ్ళు ఒకచోట చేరి గోడు వెళ్ళబోసుకునే పేజీలు ఇంటర్నెట్‌లో వందల్లో ఉన్నాయి. చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన, పెళ్ళిళ్ళకు పాడే ఆవిడ, ఇంటి మేడ మీద గిటార్ పాఠాలు చెప్పే ఆయన. అందరి డబ్బాలూ వెలుగుతూనే ఉన్నాయి. ఎవరి భాషలో వాళ్ళు కంపెనీని శపిస్తున్నారు. శాపాలకు డ్రైవర్ అక్కర్లేదు కాబట్టి అవొక్కటే సాఫీగా నడుస్తున్నాయి. భిక్షపతి ప్రతి పేజీ చదివాడు. ఎవరో ఏదో కిటుకు చెబితే చేసి చూశాడు. కుదరలేదు. ఇంకొకరి కిటుకు చేశాడు. కంప్యూటర్ నీలంగా మారి, మళ్ళీ మొదటి నుంచి లేచి కూర్చుంది.

బయట వరండాలో చాప మీద మార్కండయ్య గోడకానుకుని కూర్చున్నాడు. పిలుస్తారేమోనని గొంతు సవరించుకుంటాడు. పిలవకపోతే, ఊరికే ఉండలేక, లోగొంతుకతో ఏదో ఒకటి తనకు తానే పాడుకుంటాడు. భిక్షపతి చెవుల మీద హెడ్‌ఫోన్లు. నిశ్శబ్దం తప్ప ఏమీ లేదు వాటిలో.

శుక్రవారం నాడు లచ్చుమాంబ లోపలికి వచ్చింది. మఠానికి గురువు ఆమె. డెబ్బై ఏళ్ళ మనిషి. పొట్టిగా, కరుగ్గా, పొయ్యి మీద వేగిన గింజలా ఉంటుంది. చేతిలో మజ్జిగ గ్లాసు.

"ఏమంటరు మీ కంపెనోళ్ళు?"

"సచ్చిపోయిందంటరు గురువమ్మా."

ఆమె వంగి డబ్బాను చూసింది. "ఊపిరాడుతనే ఉన్నది గద."

"ఆడుతున్నది. అయినా సచ్చినట్టేనట."

"బతికున్నదానికి దినాలు పెట్టే మనుషులు యాడ పుట్టిండ్రురా?" అంది లచ్చుమాంబ. నిజంగానే కోపం వచ్చింది ఆమెకు. ఎనిమిదేళ్ళుగా ఆ డబ్బా మీద దుమ్ము తుడుస్తున్నది ఆమె కొంగే. "వాళ్ళ నోట్ల మన్నువడ. అమ్మేనాడు ఇట్ల చెప్పిండ్రా?"

"చెప్పలే. చెప్పరు."

"మరి ఫోన్ల పట్టరాదు?"

"పట్టిచూసిన. తుంబుర మోతను ఫ్యాన్ మోత అనుకొని చెరిపేస్తున్నది. శ్రుతి లేకుండ తాత గొంతు ఒక్కటే, బాయిలకెల్లి మాట్లాడినట్టు వస్తున్నది. గట్లాంటిది లోకానికి ఇస్తనా నేను? ఇచ్చేది సక్కగ ఇయ్యాలె." భిక్షపతికి ఆ విషయంలో రోషం ఎక్కువ. మఠం రికార్డింగులు గాజులా ఉంటాయని హైదరాబాదు నుంచి కూడా మెచ్చుకున్నారు మరి.

లచ్చుమాంబ గ్లాసు బల్ల మీద పెట్టింది. "మార్కండయ్య పొద్దటిసంది కూసున్నడు."

"ఒక్క గంట, గురువమ్మా. ఇంకొకాయన ఏదో ఉపాయం పెట్టిండు."

"నిన్న గూడ గంటే అన్నవు."

"తప్పు నాదా?" గొంతు పెరిగింది భిక్షపతికి. "డబ్బా మంచిగనే ఉన్నది, మైకు మంచిగనే ఉన్నది, తాత మంచిగనే ఉన్నడు. యాడనో కూసున్నోడు ఒకడు చెయ్యి దులుపుకుంటే ఇక్కడ నలభై తత్త్వాలు ఆగిపోవాల్నా? మీరే చెప్పుండ్రి, న్యాయమేనా?"

"న్యాయం గాదు" అంది లచ్చుమాంబ. అని వెళ్ళిపోయింది.

భిక్షపతి మజ్జిగ కూడా తాగకుండా హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

శనివారం పొద్దున భిక్షపతి వచ్చేసరికి వరండాలో చాప మీద మార్కండయ్యకు ఎదురుగా ఎవరో కూర్చున్నారు. చాప మీద కాదు, చాప అవతల, ఉత్త గచ్చు మీద. ఆ మఠంలో నేర్చుకునేవాళ్ళు కూర్చునే చోటు అది.

కూర్చున్నది లచ్చుమాంబ.

"వద్దు గురువమ్మా, పాపం తగులుతది నాకు. పైకి రాండ్రి" అంటున్నాడు మార్కండయ్య. ఆయన తనే కిందికి దిగబోతే, ఆమె ఆయన మోకాలి మీద ఒక్కటి వేసి కూర్చోబెట్టింది.

"నోరు మూసుకొని పాడు."

"నోరు మూసుకొని ఎట్ల పాడాలె?"

"నీ తెలివికేం తక్కువలే. పాడు."

మార్కండయ్య నవ్వి, దగ్గి, తుంబుర మీటాడు.

*నేసినోడు పోయెనే, నేత మిగిలి పోయెనే,*
*కట్టినోడు కానరాడు, కోక మాసిపోయెనే,*
*ఉతికినోడు ఎవ్వడో, ఊరు చెప్పకుండెనే,*
*ఆరవేసి చూడగా, దారమే లేదాయెనే.*

లచ్చుమాంబ తిరిగి పాడింది. గొంతు బొంగురు. రెండు పాదాలు బాగానే నడిచాయి. మూడోదానికి వచ్చేసరికి "ఉతికినోడు వచ్చెనే" అంది.

మార్కండయ్య తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ "వచ్చెనే."

భిక్షపతి గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ చెయ్యి ఆడలేదు. మఠంలో ఇంతమంది ఎవరి పాదాలకు మొక్కుతారో ఆ మనిషి, పలకా బలపం పట్టుకున్న పిల్లలా గచ్చు మీద కూర్చుని మళ్ళీ మళ్ళీ వల్లె వేస్తోంది. ఎందుకు? తన కోసం కాదు, ఆమెకు తత్త్వాల కొరత లేదు. అతనికి సిగ్గేసింది. సిగ్గు వెనకాలే కోపం వచ్చింది. నన్ను సాధించడానికే గదా ఇదంతా అనుకున్నాడు. హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

ఒలీవియా ఒక కొత్త కబురు పెట్టింది. 'మా సేవ మీకు తృప్తి కలిగించిందా? ఐదు నక్షత్రాల్లో ఎన్ని ఇస్తారు?'

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీదికి విసిరాడు.

బయట ఏడోసారి. "నేసినోడు పోయెనే..." కోక మాసిన పాదం దాటింది. ఊపిరి బిగబట్టాడు భిక్షపతి. "ఉతికినోడు... ఉతికినోడు... వచ్చెనే."

"ఎవ్వడో!" భిక్షపతి గుమ్మంలోకి ఒక్క అంగలో వచ్చి అరిచాడు. "వచ్చెనే గాదు గురువమ్మా! ఉతికినోడు ఎవ్వడో, ఊరు చెప్పకుండెనే! ఎన్నిసార్లు..."

ఆగిపోయాడు. చివరి పాదం నోట్లోనే ఉంది. ముందరి రెండు కూడా. ఎప్పుడు వచ్చి చేరాయో తెలియదు. ఎవరూ నేర్పలేదు. మూడు రోజులుగా ఆ గోడ అవతల ముసలాయన తనకు తాను పాడుకుంటూ ఉన్నాడంతే.

మార్కండయ్య తుంబుర ఆపి, పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వాడు.

"అయిపాయె. దొరికిండు. గురువమ్మా, మీ మఠంల గూడ గదే కట్టుబాటేనా? దిద్దినోడే మొయ్యాలె?"

"ఎక్కడైనా గదే" అంది లచ్చుమాంబ.

పాడేవాళ్ళలో పాత కట్టుబాటు అది. ఒకరు పాడుతుంటే మరొకరు తప్పు దిద్దితే, ఆ తత్త్వం ఇక దిద్దినవాడిది. వాడు దాన్ని నేర్వాలి, చచ్చేలోగా ఇంకొకరికి నేర్పాలి. అందుకే తెలిసినవాళ్ళు గబుక్కున నోరు జారరు. నిలబడి, అదీ గుమ్మంలోంచి, కేక పెట్టి దిద్దినవాడు ఇంతవరకూ లేడు.

లచ్చుమాంబ నేలకు చెయ్యానించి లేచింది. మోకాళ్ళు టపటపమన్నాయి. ఆ చోటు ఖాళీ అయింది.

భిక్షపతి కూర్చున్నాడు. ఫోన్ తీసి పక్కన పెట్టుకున్నాడు. అది పట్టగలిగినంత పడుతుందని.

శనివారం ఐదు తత్త్వాలు. ఆదివారం ఆరు. మధ్యాహ్నం దగ్గు ఎత్తుకుంటే ఆపి, మిరియాల కషాయం తాగించి, పొద్దు వాలాక ఇంకొకటి లాగబోతే లచ్చుమాంబ కళ్ళెర్ర చేసింది. సోమవారం పొద్దున్నే మొదలుపెట్టి ఐదు. తప్పుకు మొదటి నుంచి, తప్పుకు మొదటి నుంచి. మార్కండయ్య మెత్తటి మనిషని ఇన్నాళ్ళూ అనుకున్నాడు భిక్షపతి. నేర్పేటప్పుడు రాయి.

"శ్రుతి ఏది? నీ డబ్బాల మరిచినవా?" అన్నాడు ఒకసారి. దగ్గుతోనే నవ్వు.

అన్నీ కలిపితే పదహారు.

జనగామ బస్టాండులో భివండీ బస్సు పది నిమిషాలు ఆలస్యంగా కదిలింది. కిటికీలోంచి మార్కండయ్య చెయ్యి ఊపాడు. తుంబుర ఆయన ఒళ్ళో, పక్క సీటుకు కూడా కొంచెం అడ్డంగా. బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూ నిలబడ్డ భిక్షపతి, తిరిగాక ముఖం కిందికి దించేసుకున్నాడు.

"మూడు రోజులు" అన్నాడు. "ఆ దరిద్రపు కంపెనీతోటి మాట్లాడుకుంట మూడు రోజులు పోగొట్టిన. రోజుకు ఐదు ఏసుకున్నా..."

"లెక్కలు నాకు జెప్పకు."

"ఇర్వై నాలుగు పోయినయి గురువమ్మా!" బస్టాండులో నలుగురు తిరిగి చూశారు. అతనికి లెక్క లేదు. "ఇగ దొరకవు. ఇర్వై నాలుగు పోయినయి!"

లచ్చుమాంబ కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో మరొకటో. బస్సు లేపిన దుమ్ము ఇంకా మలుపు దగ్గర ఆడుతోంది. దాన్నే చూస్తూ అంది.

"పోలేదురా. బస్సెక్కినయి."

భిక్షపతి ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మలుపు వైపు చూశాడు. జేబులో డబ్బులు చూసుకుని, విచారణ అని రాసి ఉన్న కిటికీ వైపు నడిచాడు.