బెదురుతల్లి వెలసిన వైనం

పూర్వం ధూమగిరి పాదసీమను ముకుంద దేవు అనే సామంతప్రభువు పరిపాలిస్తున్న కాలంలో, ఆ గిరిశిఖరాలలో పుట్టి శిలల నడుమ గలగల ధ్వనిస్తూ దిగివచ్చే సిరిమువ్వ గెడ్డ ఒడ్డున సిరివలస అనే గ్రామం ఉండేది. ఏడాది పొడవునా మోకాటిలోతు దాటని ఆ సెలయేరు, కొండ మీద కుంభవృష్టి కురిసిన నాడు మాత్రం మదపుటేనుగుల గుంపువలె విరుచుకుపడి లోయను ఊడ్చిపెట్టేది. తాతల కాలంలో మందలకు మందలను, తండ్రుల కాలంలో పంటలతో సహా సగం ఊరిని అది తీసుకుపోయిందని వృద్ధులు చెప్పుకునేవారు. అయినా వరద విడిచివెళ్ళిన ఒండ్రు బంగారం పండే నేల కావడంచేత, బతికి బయటపడినవారు కన్నీరు తుడుచుకొని మళ్ళీ ఆ ఒడ్డుకే చేరి, కూలిన చోటనే గోడలు లేపుకునేవారు.

ఆ గ్రామంలో గవరయ్య అనే సేద్యగాని భార్య తవిటమ్మ. ఒక శ్రావణమాసపు వరదలో మెరకకు పరుగెత్తుతుండగా ఆమె చేతిలోనుంచి కూతురి చేయి జారిపోయింది. పిల్ల మళ్ళీ కనబడలేదు. ఆనాటినుండి తవిటమ్మలో ఒక బెదురు ప్రవేశించింది. ఆకాశాన మబ్బు కమ్మితే ఆమెకు ముద్ద దిగేది కాదు; చినుకు పడితే పొరుగిళ్ళ తలుపులు తట్టి, కొండవాలున ఉన్న పెద్దరాతి మీదికి రమ్మని అందరినీ బతిమాలేది. ఆ రాతి మీద, ఇప్పచెట్టు నీడన, పసుపు పూసిన పేరులేని కొండదేవత ఒకతె ఉండేది. జనం మొదట జాలిపడ్డారు, తరువాత విసుక్కున్నారు, ఆపైన నవ్వుకున్నారు. గవరయ్య మాత్రం ఏనాడూ పరుషంగా పలుకలేదు. వాన వెలిశాక తానే కొండెక్కి, ఆమెకు గొంగడి కప్పి ఇంటికి తీసుకువచ్చేవాడు.

ప్రజల దుఃఖం విని చలించిన ముకుంద దేవు, గెడ్డ పొడవునా బలమైన రాతికట్ట కట్టించి, శాంతిహోమం జరిపించి, ఇకమీదట సిరిమువ్వకు ఎవరూ భయపడనక్కరలేదని చాటింపు వేయించాడు. ఆ మాట నమ్మి జనం కట్ట అంచు వరకూ ఇళ్ళు కట్టుకున్నారు. అప్పుడు గవరయ్య తొలిసారిగా భార్యతో అన్నాడు: "తవిటీ, ప్రభువే అభయమిచ్చాక నువ్వింకా బెదిరిపోతుంటే ఊళ్ళో తలెత్తుకోలేకపోతున్నాను."

ఆ మాటకు మనసు విరిగిన తవిటమ్మ పెద్దరాతి వద్దకు పోయి, దేవత పాదాల చెంత తల ఆనించి, తన బెదురును తీసివేయమని వేడుకుంది. తల ఎత్తేసరికి ఎదుట అడ్డాకుల మోపుతో ఒక ముసలి కొండజాతి స్త్రీ నిలబడి ఉంది. ఎండ కాస్తున్నా ఆమె జుట్టునుండి నీరు కారుతోంది.

"తీసుకుంటానమ్మా. తీసి ఎవరికివ్వమంటావు? ఈ లోయలో దీన్ని మోసేవాళ్ళు ఇంకెవరున్నారు?" అని అడిగిందామె.

తవిటమ్మ ఊరివైపు చూసింది. కట్ట మీద ఆరవేసిన చీరలు, కట్ట కిందనే ఆడుకుంటున్న పిల్లలు కనబడ్డారు. "ఎవరూ లేకపోతే నా దగ్గరే ఉండనీ, తల్లీ" అంది. ముసలామె ఆమె తల నిమిరి, ఇప్పచెట్టు చాటుకు వెళ్ళి, మరి కనబడలేదు.

ఆ ఏడు భాద్రపదంలో శిఖరాలను మబ్బులు కప్పివేసి విడువకుండా వాన కురిసింది. కట్ట చెక్కుచెదరకపోవడంతో సంతోషించిన ప్రభువు, రాణితోనూ నెలల పాపతోనూ గంగపూజకు సిరివలస వచ్చాడు. పూజ జరుగుతుండగా మిట్టమధ్యాహ్నం వేళ, కట్టను ఒరుసుకొని పారుతున్న గెడ్డ క్రమంగా సన్నగిల్లి, చూస్తూ చూస్తూ ఉండగానే నిలిచిపోయింది. ఎగువన కొండచరియ విరిగి ఇరుకు కనుమకు అడ్డంగా పడిందనీ, దాని వెనుక నీరు పర్వతమంత ఎత్తున పేరుకుంటున్నదనీ కింద ఎవరికీ తెలియదు. గంగమ్మ శాంతించిందని పురోహితులు ప్రభువును కీర్తించారు. బురదలో కొట్టుకుంటున్న చేపల కోసం ఊరంతా బుట్టలతో గెడ్డలోకి దిగింది.

తవిటమ్మకు మాత్రం ఆ నిశ్శబ్దం వినగానే ఒళ్ళంతా చల్లబడిపోయింది. పక్షి కూయడం లేదు. పశువులు కట్టుకొయ్యల వద్ద పెనుగులాడుతున్నాయి. "గెడ్డ ఆగిపోనాది, పైకి వచ్చేయండి" అని ఆమె ఒడ్డు వెంట పరుగెడుతూ కేకలు వేసింది. నవ్వారే తప్ప ఒక్కరూ కదలలేదు. ఆమె పూజపందిరి కిందికి పోయి, పల్లకిలో నిద్రిస్తున్న ప్రభువు పాపను ఎత్తుకొని, గుండెకు అదుముకొని కొండవైపు పరుగు తీసింది.

రాణి కేక విని భటులు, వారి వెనుక ప్రభువూ రాణీ, ఆ వెనుక కర్రలూ బరిసెలూ పట్టుకొని ఊరి స్త్రీలు, పురుషులు, పిల్లలు అందరూ ఆమెను తరుముకుంటూ కొండెక్కారు. పెద్దరాతి మీద ముకుంద దేవు ఆమెను అందుకొని కత్తి దూశాడు. తవిటమ్మ పాపను అతని చేతికే ఇస్తూ, "చంపండి బాబూ. ముందు ఒక్కసారి వెనక్కి చూడండి" అంది.

అతడు తిరిగి చూసేలోగానే కొండ మూలిగినట్లు ఒక ధ్వని పుట్టింది. కనుమలోనుండి నల్లని గోడవంటి నీరు, వేళ్ళతో సహా పెకలించిన మహావృక్షాలను, ఇళ్ళంతేసి బండలను దొర్లించుకుంటూ దిగింది. రాతికట్ట కనిపించింది, మరుక్షణం కనిపించలేదు. రాతి అంచున నిలిచినవారి పాదాలు తడిశాయి. ఊరున్న చోట ఊరు లేదు.

ఆ ఘోష కాస్త తగ్గాక తవిటమ్మ జనంలోకి తిరిగి, "అందరూ వచ్చారా?" అని అడిగింది. ఒక్కొక్కరుగా పలికారు. "గవరయ్య మామా" అని ఎవరో పిలిచారు. బదులు లేదు. భార్య రాజుగారి బిడ్డను దొంగిలించిందన్న అవమానంతో అతడు తరుముతున్నవారితో కలవక, తలకు గుడ్డ చుట్టుకొని ఇంటి అరుగు మీదే కూర్చుండిపోయాడని పొరుగామె ఏడుస్తూ చెప్పింది.

ముకుంద దేవు కత్తిని రాతి మీద ఉంచి, తవిటమ్మ ముందు మోకరిల్లి, ఏం కావాలో కోరుకోమన్నాడు. "ఈ రాతికి దిగువన ఇల్లు కట్టనీయకండి" అని మాత్రమే ఆమె కోరింది. అతడు ఆ విధంగానే శాసించి, పేరులేని ఆ కొండదేవతకు గుడి కట్టించాడు. లోయను కాచింది ఆమె తవిటమ్మ వద్దే ఉండనిచ్చిన బెదురే గనుక జనం ఆ దేవతను బెదురుతల్లి అన్నారు.

నేటికీ దిగువన పొలాలే తప్ప కప్పు కనబడదు. ఏటా భాద్రపదంలో ఒక స్త్రీ పసిబిడ్డను ఎత్తుకొని గెడ్డ ఒడ్డునుండి పరుగెత్తగా, ఊరంతా ఆమె వెంట కొండెక్కుతుంది. రాతి మీద పూజారమ్మ "అందరూ వచ్చారా?" అని అడిగి ఇంటింటి పేరూ పిలుస్తుంది. ఎవరి పిలుపుకు వారే పలకాలి. చివరగా ఆమె "గవరయ్యా" అంటుంది. ఎవరూ పలకరు. పసిపిల్లల నోళ్ళు కూడా మూసి, అందరూ ఊపిరి బిగబట్టి చెవులు రిక్కిస్తారు. కింద గెడ్డ పారుతున్న సవ్వడి వినబడితేనే కొండ దిగుతారు.