మధ్యలో ఉమాకాంత్ బాబు

కథ రాయడం నాకిదే మొదటిసారి. ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత రాసినవన్నీ సరుకుల చీటీలే. తప్పులుంటే దిద్దుకుని చదవండి.

విశాఖపట్నం పెదవాల్తేరులో ఉమాకాంత్ బాబు అని ఒకాయన ఉండేవారు, ఎవరి మాటైనా తన మీదుగానే వెళ్లాలనే పట్టు ఆయనది. ఆయన ఇంట్లో నేను వంట చేసేదాన్ని. ఆయన కింద కంప్యూటర్ పని చేసేవాళ్లు తిరుపతిలో ఎనిమిది మంది, వరంగల్‌లో ఆరుగురు ఉండేవారు. తిరుపతి వాళ్లకి మునిలత పెద్ద, వరంగల్ వాళ్లకి ఐలేష్ పెద్ద. అందరూ కలిసి చేసేది ఒక్క పనే. అయినా ఒకరి నంబరు ఒకరికి తెలియదు. ఆయన తెలియనివ్వలేదు.

"వాళ్లూ వాళ్లూ మాట్లాడేసుకుంటే ఇంక నేనెందుకు పైడమ్మా?" అనేవారు నాతో.

అందుకని పొద్దున్నుంచి ఫోనే. తిరుపతి వాళ్లు అడిగింది విని, పెట్టేసి, వరంగల్‌కి చేసేవారు. వాళ్లు చెప్పింది విని మళ్లీ తిరుపతికి. చెవిలో ఫోను, చేతిలో అట్టుముక్క. అది ఎండి వడియమయ్యేది. స్నానాల గదిలో ఉన్నా తలుపు సందులోంచి నేను ఫోన్ అందించాలి. అందుకోసమని నా నంబరు ఆ ఇద్దరికీ ఇచ్చారు. ఆయన పలక్కపోతే నాకు చేసేవారు. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు గొంతు రాదు. "ఇస్తున్నానండి" అని ఆయన చేతిలో పెట్టేసేదాన్ని. విసుగొచ్చేది, ఎవరితో చెప్పుకోను?

అప్పుడు వాళ్లు ఒక ఆసుపత్రికి రోగుల వివరాలు ఎక్కించుకునే ఏర్పాటు చేస్తున్నారు. సోమవారం ఎనిమిదింటికి అది మొదలవ్వాలి. అవ్వకపోతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తామని ఆసుపత్రివాళ్లు ముందే చెప్పేశారు. ఆ పని పోతే తిరుపతిలో వాళ్లు పనిచేసే గది మూసేస్తారు. అంతా తెలిసి కూడా బాబు ఆదివారం పొద్దున్నే బావమరిది పిలిచాడని అరకు రైలెక్కారు. ఏమైనా ఉంటే ఫోన్ చేస్తారులే అన్నారు. ఆ దారంతా కొండలు, సొరంగాలు, బావమరిది ఊరూ కొండల మధ్యే. ఫోన్ ఎక్కడ పలుకుతుంది?

మధ్యాహ్నం నేను మా ఇంట్లో బియ్యం ఏరుకుంటుంటే మునిలత ఫోన్ చేసింది. రోగుల పేర్లు ఎక్కిస్తుంటే కంప్యూటర్ ఒక్కటీ తీసుకోవడం లేదట. సార్‌కి నలభై సార్లు చేసిందట.

"రేపు పొద్దునకి ఇది ఆడకపోతే మేము ఎనిమిది మందిమీ ఇండ్లకి పోవాల్సిందే అక్కా" అంది. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది.

ఆమె ఫోన్ పెట్టీ పెట్టగానే ఐలేష్ చేశాడు.

"సార్ ఏడున్నడక్కా? పేరు పక్కన వయసు కాదు, పుట్టిన తేది ఎక్కియ్యాలని శుక్రారమే చెప్పిన. తిరుపతోళ్లకు చెప్పిండో లేదో తెల్వది" అన్నాడు.

చెప్పలేదు. బాబు మరిచిపోయారు.

సరే, నేనే చెబుదామని మునిలతకి చేశాను. తేదీ అయితే ముందు రోజా, సంవత్సరమా అని ఆమె అడిగింది. ఐలేష్‌కి చేశాను. సంవత్సరం ముందు, మధ్యలో అడ్డగీత అన్నాడు. నేను మునిలతకి పొరపాటున చుక్క అని చెప్పాను. ఎక్కలేదు. మళ్లీ ఇటు, మళ్లీ అటు. గంట గడిచింది. అప్పుడు నా మీద నాకే ఒళ్లు మండింది. అచ్చం ఉమాకాంత్ బాబులాగే చేస్తున్నానే అనుకున్నాను. నంబరు ఇస్తే నా పని పోవచ్చు. అయినా "రాసుకో తల్లీ" అని ఐలేష్ నంబరు ఒక్కో అంకే చదివి మునిలతకి చెప్పేశాను.

అరగంటలో పేర్లు ఎక్కాయి. సాయంత్రానికి అంతా సరిచేసుకున్నారు. రాత్రి తిరుగు రైలు దిగి బాబు ఫోన్ చేస్తే అయిపోయింది సార్ అన్నారట. నంబరు ఎవరిచ్చారని ఆయన ఎంత గద్దించినా ఇద్దరూ నా పేరు బయటపెట్టలేదు.

మర్నాడు ఎనిమిదింటికి ఆసుపత్రిలో పని నడిచింది. అక్కడి పెద్ద డాక్టరు మా బాబుకి ఫోన్ చేసి, మునిలతనీ ఐలేష్‌నీ మెచ్చుకున్నానని చెప్పమన్నాడు. బాబుని మాత్రం ఒక్క మాటా మెచ్చుకోలేదు. బాబు ముఖం మాడ్చుకున్నారు. తన వెనకాల మాట్లాడుకున్నందుకు ఆ ఇద్దరినీ తీసేస్తాను అన్నారు. నేను పొయ్యి ఆపి హాల్లోకి వెళ్లాను.

"నంబరు నేనిచ్చాను బాబూ. గంటసేపు మీలాగే మధ్యలో ఉండి చూశాను. వరంగల్ వాళ్ల గీత తిరుపతి వెళ్లేసరికి చుక్కయిపోయింది. తీసేస్తే నన్ను తీసేయండి" అన్నాను.

ఆయన తీసెయ్యలేదు, మంచి పని చేశావనీ అనలేదు. ఫోన్ తీసి ఇద్దరినీ ఒకేసారి లైన్లోకి పిలిచారు.

తలోచోటా ఉన్నవాళ్లు ఒక పని చెయ్యాలంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ప్రతి మాటా తన మీదుగానే పోవాలనే పెద్ద, ఆ పనికి తానే అడ్డు.