ఓబన్న బండి ఎక్కిన రోలు

అనగనగా, ఎద్దులకు మాటలొచ్చిన రోజుల్లో, ఓబన్న అనే నూనె వర్తకుడు ఉండేవాడు. బతుకుతెరువు కోసం పుట్టిన ఊరికి మూడు రోజుల దూరంలో కాపురం పెట్టాడు. మంచివాడే, కాని భయస్థుడు. పిల్లవాడు తుమ్మితే వైద్యుడి ఇంటికి పరుగెత్తేవాడు. మబ్బు పడితే తలుపులన్నీ మూసేవాడు. పరాయివాళ్ళతో మాట్లాడవద్దు, వాళ్ళు పెట్టింది తినవద్దు అని పిల్లలిద్దరికీ రోజుకు రెండు పూటలా చెప్పేవాడు.

అతనికి ఒక్కతే చెల్లెలు, కొండమ్మ. పుట్టిన ఊరి పక్కనే ఆమె అత్తవారిల్లు. ఆమె కూతురికి చెవులు కుట్టాలి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టి కుట్టడం వాళ్ళ ఆచారం. ఓబన్న కోసం ఆ వేడుక అప్పటికే రెండుసార్లు ఆగింది. ఒకసారి ఏరు పొంగుతుందేమోనని అతను బయలుదేరలేదు. ఇంకోసారి చిన్నవాడికి దగ్గు. ఈసారి కొండమ్మ గట్టిగానే కబురు పంపింది.

"శుక్రవారం పొద్దు నడినెత్తికి వచ్చేలోగా రా అన్నా. రాకపోతే వేరే ఎవరి ఒడిలోనో కూర్చోబెడతారట. నా బిడ్డకు మామ లేడనుకుంటారు."

ఆ మాట ఓబన్న గుండెలో ముల్లులా దిగింది. ఎలాగైనా వెళ్ళి తీరాలి. అయితే దారిలో ఎవరినీ ఏమీ అడిగే అవసరం రాకూడదు. అందుకని బండి నింపడం మొదలుపెట్టాడు. రెండు బానల నీళ్ళు, మూటెడు బియ్యం, పొయ్యి రాళ్ళు, కట్టెలు, మోకులు, చక్రానికి విడి చీలలు. చివరికి, పచ్చడి నూరుకోవడానికి ఎవరి గడపైనా తొక్కాల్సి వస్తుందేమోనని ఇంట్లో ఉన్న రోలు కూడా ఎక్కించాడు.

కర్రెద్దు తల తిప్పి చూసింది. "అయ్యా, మేము లాగాల్సింది బండినా, నీ ఇంటినా?"

ఓబన్న వినిపించుకోకుండా భార్యనూ పిల్లలనూ ఎక్కించుకుని బయలుదేరాడు.

రెండు రోజులు బాగానే గడిచాయి. మూడో రోజు, శుక్రవారం పొద్దున, చెల్లెలి ఊరు ఇంకా రెండు కోసుల దూరం ఉందనగా ఇరుసు ఫెళ్ళున విరిగింది. బండి ఒక పక్కకు ఒరిగిపోయింది.

ఓబన్న మూటలన్నీ విప్పి వెతికాడు. చీలలున్నాయి, మోకులున్నాయి. ఇరుసు మాత్రం లేదు. భార్య చెంగమ్మ ఊరుకుంటుందా? బండి విరిగితే పనికొస్తాయని తెచ్చిన వాటి బరువుకే బండి విరిగిందని తీరిగ్గా చెప్పింది.

అంతలో ఒక గొర్రెల కాపరి వచ్చాడు. ఒక చెయ్యి వెయ్యమంటావా అని అడిగాడు. అక్కర్లేదు, మా దగ్గర అన్నీ ఉన్నాయి అన్నాడు ఓబన్న.

కాపరి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "నిజమే సామీ, అన్నీ ఉన్నాయి. బండికి నిలబడే ఓపికే లేదు." అని, ఎద్దులను విప్పి నీడన కట్టేశాడు. తర్వాత రెండు వేళ్ళు నోట్లో పెట్టి పొలం వైపు ఈల వేశాడు.

ఆ ఈలకు నాట్లు వేస్తున్న ఆడవాళ్ళు ఆరుగురు మోకాళ్ళ దాకా బురదతోనే గట్టెక్కి వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. మూటలు ఒక్కొక్కటే దించారు. రోలు దగ్గరికి వచ్చేసరికి వాళ్ళ పెద్ద నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"ఏందన్నా, మా ఊళ్ళో రోళ్ళు లేవని ఎవరన్నా చెప్పినారా?"

చెంగమ్మకు నవ్వు ఆగలేదు. ఓబన్నకూ ఆగలేదు. ఒకామె ఒడిలోంచి ఉడకబెట్టిన శనక్కాయలు తీసి పిల్లలకు ఇవ్వబోయింది. పిల్లలు చేతులు వెనక్కి పెట్టుకుని నాన్న వైపు చూశారు. ఓబన్న కాసేపు తటపటాయించి, తీసుకోమని తల ఊపాడు. నోట్లో కాయ పడగానే చిన్నవాడికి మాటలు వచ్చేశాయి. అత్త కూతురి సంగతి, చెవుల సంగతి, వేరేవాళ్ళ ఒడి సంగతి, అంతా చెప్పేశాడు.

అదే సమయానికి సంతకు ఆనపకాయలు తీసుకువెళ్తున్న ఒక అవ్వ బండి ఆపింది. చిన్నవాడి కథ ఆఖరిదాకా వింది. కిందికి దిగి, కాయలన్నీ చెట్టుకింద దించేయమంది.

"నా బండి తీసుకుపో నాయనా. నువ్వు తిరిగొచ్చేలోగా మా వడ్రంగి నీ ఇరుసు చూస్తాడు."

ఓబన్న బిత్తరపోయాడు. మరి నీ సంతో అన్నాడు.

"సంత వచ్చే వారమూ ఉంటుంది. చెవులు కుట్టేది ఒక్కసారేగా."

"నేనెవరో తెలియదు. నీ బండి తిరిగి తెస్తానని ఏమిటి నమ్మకం?"

అవ్వ రోలు వైపు చూసింది. "ఇంత బరువును ఇక్కడిదాకా మోసుకొచ్చావు. దీనికోసమైనా వస్తావులే."

అందరూ గొల్లుమన్నారు. కాపరి అవ్వ ఎద్దులను విప్పి, ఓబన్న ఎద్దులను ఆమె బండికి కట్టాడు. తేలిక బండి, చదును దారి. ఎద్దులు పరుగే పరుగు.

పొద్దు నడినెత్తికి ఇంకా జానెడు ఉండగా ఓబన్న భార్యాపిల్లలతో పందిట్లో అడుగుపెట్టాడు. కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చున్నాడు. మేనకోడలు అతని ఒడిలో కూర్చుంది. కంసాలి తీగ గుచ్చాడు. పిల్ల కెవ్వుమంది, మామ మెడ పట్టుకుంది, బెల్లంముక్క నోట్లో పడగానే నవ్వింది.

కొండమ్మ కళ్ళు తుడుచుకుని, వీధిలో ఉన్న బండిని చూసి అది ఎవరి బండి అన్నా అని అడిగింది.

ఓబన్న నోరు తెరిచి ఆగిపోయాడు. వాళ్ళలో ఒక్కరి పేరూ అతను అడగలేదు.

"మనవాళ్ళదేనమ్మా," అన్నాడు.

పిల్లలూ, ప్రయాణానికి కావలసినవన్నీ ఏ బండిలోనూ పట్టవు. వాటిలో సగం దారిలో ఎదురయ్యే మనుషుల దగ్గర ఉంటాయి, వాళ్ళను నమ్మి చెయ్యి చాచిన వాడే ఊరు చేరతాడు.