నాలుక వంతు

రండి అమ్మలారా, అయ్యలారా, ఆ గోడ వార ఎందుకు, ముందుకు జరగండి. పసిపిల్లల తల్లులు పక్కగా కూర్చోండి, లేవాల్సొస్తే ఇబ్బంది ఉండదు. నాయనా, ఆ మూల ఫ్యాను ఒక్క పది నిమిషాలు కట్టెయ్. దాంతో పోటీపడే గొంతు కాదు నాది. అందరం ఒక్కసారి హరినామం అనుకుందాం. ఆ, ఇక వినండి.

అచ్యుతబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేం అడిగినా జవాబు చెప్పేవారు కారు, ఏదో ఒక పని చెప్పేవారు. ఆశ్రమంలో వంట చూసే చిదంబరం అనే శిష్యుడు ఒక గురువారం పొద్దున్నే ఆయన్ని అడిగాడు. చిదంబరం మంచివాడు. తన చారు మీద మాత్రం కాస్త గర్వం.

"స్వామీ, క్యాన్సర్ ఆసుపత్రి పక్కన సత్రంలో రోగులు ఒకరికొకరు ఆసరాగా ఉంటారని మీరు చాలాసార్లు చెప్పారు. నాకు అర్థం కావడం లేదు. ఇద్దరూ తూలుతున్నవాళ్ళే. ఒకరి మీద ఒకరు ఆనుకుంటే ఇద్దరూ పడరా? ఆసరా ఇచ్చేవాడికి ముందు ఒంట్లో బలం ఉండాలి కదా?"

స్వామి అతనితో, "ఈ వారం సత్రానికి బియ్యం మూట నువ్వు పట్టుకెళ్ళు" అన్నారు. అంతే.

ఆ సత్రంలో అందరికీ ఒకటే వంటిల్లు, వరసగా పొయ్యిలు. అక్కడో కట్టుబాటు ఉంది, నాలుక వంతు అంటారు. మందు ఎక్కించుకున్న రెండు మూడు రోజులకి రుచి తెలియడం మానేస్తుంది, ఆ తర్వాత నోరు పూస్తుంది. ఎవరి నోరు అప్పుడే మానిందో, ఆ వారం వాళ్ళు పొయ్యిపొయ్యికీ తిరిగి మిగతావాళ్ళ గిన్నెలు రుచి చూడాలి. ఆ వారం వంతు తుని నుంచి వచ్చిన సువార్తమ్మది. ఆవిడకి జబ్బు తగ్గి, మళ్ళీ తిరగబెట్టింది. చిదంబరం వెళ్ళేసరికి ఆవిడ రక్తపరీక్షకి ఆసుపత్రికి వెళ్ళింది.

మూల పొయ్యి దగ్గర బొబ్బిలి నుంచి వచ్చిన పైడితల్లి గోడకి జేరబడి ఉంది. రెండు రోజులుగా ముద్ద ముట్టలేదు. ఇలాగే తినకపోతే ఒళ్ళు తట్టుకోదు, వచ్చే వారం శనివారం మందు ఎక్కించలేమని డాక్టరు ఆ పొద్దున్నే చెప్పారట. ఆమె పెనిమిటి దిక్కుతోచక చేతిలో ఖాళీ కంచం పట్టుకుని నిలబడ్డాడు.

"నేనుండగా బెంగెందుకు?" అని చిదంబరం చొక్కా చేతులు మడిచాడు. మిరియాలు దంచాడు, ఇంగువ వేశాడు, నేతితో తాలింపు పెట్టాడు. సత్రమంతా ఘుమఘుమ. అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని చప్పరించి, "అన్నీ సరిపోయాయమ్మా, కళ్ళు మూసుకుని తినెయ్" అన్నాడు.

పైడితల్లి ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంది. మరుక్షణం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ముద్ద ఉమ్మేసి కంచం తోసేసింది.

"ఏటి బాబూ, నోట్నో నిప్పులు పోసీసినావు! ఇంకేటీ వద్దు. మందూ వద్దు, సూదీ వద్దు. నాను రేపు ఇంటికెల్పోతాను."

ఆ మాట అంటున్నప్పుడే సువార్తమ్మ వచ్చింది, మోచేతి మడతలో దూది అంటించి ఉంది. విషయం విని, సబ్బుతో చేతులు కడుక్కుని, చారు రెండు చుక్కలు అరచేతిలో పోసుకుంది. నాలుక మీద వేసుకోలేదు. మొన్న మొన్నే పుండు మానిన చోట, చెంప లోపల పెట్టుకుని, తల కొంచెం వంచి అలాగే ఉంది.

"చారుకేం, భేషుగ్గా ఉంది నాయనా" అంది చిదంబరంతో. "నోరు బాగున్నవాళ్ళకి."

పెసరపప్పు కట్టు తీసి, అన్నం మెత్తగా మెదిపి, చిటికెడు ఉప్పు వేసి, పూర్తిగా చల్లారనిచ్చింది. పైడితల్లి పెనిమిటి స్టీలు చెంచా అందించబోతే, "అది తియ్యవయ్యా, దాంతో తింటే నోరంతా ఇనుము" అని ఆకు ముక్క అడిగింది. పైడితల్లి మొహం తిప్పుకుంది.

"వద్దప్పా. ఎల్లిపోతానన్నాను గదా."

"వెళ్ళు, ఎవరొద్దన్నారు? నాకు రేపు మందు. ఆదివారానికి నా నాలుక చస్తుంది. మంగళవారానికి నీ నోరు మానుతుంది. అంటే వంతు నీది. నువ్వెళ్ళిపోతే నా గిన్నె ఎవరు చూస్తారు? మా ఆయన వంట నీకు తెలుసు కదా, కారం లేకపోతే అది కూరే కాదంటాడు. ఆయన చేతుల్లో నన్ను వదిలేసి పోతావా?"

పైడితల్లి మొహం ఇటు తిప్పింది. "మీ ఆయన కూర సూత్తే నాకిప్పుడే నోరు మండుతాది" అంది. అంటూనే ఆకు దగ్గరికి లాక్కుంది. ఒక్కో ముద్దా నోట్లో పెట్టుకోవడం, ఆగడం, మింగడం. ఆరు ముద్దలు తింది. తిన్నాక పెనిమిటితో, "బస్సుకి ఎల్లొద్దులే. మంగళారం నాకు పనుంది" అంది.

చిదంబరం ఆశ్రమానికి తిరిగొచ్చి జరిగిందంతా స్వామికి చెప్పాడు. "నాకు ఏ జబ్బూ లేదు స్వామీ, కానీ పైడితల్లి చేత ఒక్క ముద్ద తినిపించలేకపోయాను" అన్నాడు తల దించుకుని.

"వచ్చే గురువారం కూడా బియ్యం నువ్వే పట్టుకెళ్ళు" అన్నారు స్వామి. "వండకు. పైడితల్లి పొయ్యిల దగ్గర తిరుగుతుంటే, వెనకాల నీళ్ళచెంబు పట్టుకుని నడువు."

అంతకు మించి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పను. కానీ తల్లులారా, సువార్తమ్మ ఆ రెండు చుక్కలూ చెంపలో పెట్టుకుని ఆగిందే, అది మాత్రం గుర్తుపెట్టుకోండి. జబ్బు మనిషికి గిన్నె పట్టుకెళ్ళే రోజు మీకూ వస్తుంది. ఆ రోజు "బాగుంది, తిను" అనకముందు, ఒక్క క్షణం అలా ఆగండి.